తెర మీద అన్నయ్య చెయ్యి

సెల్లె,
22 మార్చి 1985

అన్నయ్యకి,

ఈ ఉత్తరం కూడా వెనక్కి వస్తుందేమో తెలియదు. ఇంతకుముందు రాసినవి ముప్ఫై ఒకటీ వచ్చాయి, కవరు మీద నీ గుండ్రటి అక్షరాలతో ‘తీసుకోవడం లేదు’ అని. పదిహేనేళ్ళ కిందట రాయడం మానేశాను. ఇవాళ రాయకుండా ఉండలేకపోయాను.

నిన్న సాయంత్రం మీ తూర్పు జర్మనీ వాళ్ళ టెలివిజన్‌లో బాఖ్ మీద తీసిన సినిమా వేశారు. ఆయన పుట్టి మూడు వందల ఏళ్ళయిందని సరిహద్దుకి రెండు వైపులా ఒకటే హడావిడి కదా. మా ఆయన హార్ట్‌మూట్ బంగాళాదుంపలు ఒలుస్తూ, నేను స్వెట్టరు అల్లుకుంటూ చూస్తున్నాం. బాఖ్ వేషం వేసినాయన బాగానే ఉన్నాడు, బుగ్గలే కాస్త ఎక్కువ. ఆయన మేజా ముందు కూర్చుని అయిదు ములుకుల కలం సిరాలో ముంచి, ఒక్క లాగులో స్వరాలు రాసే అయిదు గీతలూ గీశాడు. కెమెరా చేతి మీదికి వచ్చింది.

నా ఒళ్ళోంచి అల్లిక జారిపోయింది. బొటనవేలి గోరు నిలువునా చీలి ఉంది. చిటికెన వేలు కాగితానికి తగలకుండా పైకి లేచి ఉంది.

“అది మా అన్నయ్య చెయ్యి,” అన్నాను.

“ఎవరు, బాఖా?” అన్నాడు హార్ట్‌మూట్.

“కాదండీ, ఎగాన్!”

ఆయన నా మొహం చూశాడు. లేచి వెళ్ళి సౌండు పెంచాడు, సౌండు పెంచితే చెయ్యి ఇంకా బాగా కనబడుతుందన్నట్టు.

ఆ తర్వాత కథ నా తలకెక్కితే ఒట్టు. చెయ్యి ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చున్నాను. పదకొండు సార్లు వచ్చింది. చివర్లో బాఖ్ చూపు మసకబారాక రాసే కాగితం మీద గీతలు వంకరపోయాయి. ఎంత గొప్ప ఊహ అని ఇవాళ పేపర్లో మెచ్చుకున్నారు కూడా. కానీ అన్నయ్యా, అచ్చు కోసం సీసపు పలక మీద అద్దంలో చూసినట్టు తిరగేసి సంగీతం చెక్కినవాడివి నువ్వు. నీ జన్మలో వంకర గీత గీయగా నేను చూడలేదు. అది నటనేనా?

ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే.

రోస్‌విటా


లైప్‌జిగ్,
9 ఏప్రిల్ 1985

రోస్‌విటాకి,

చెయ్యి నాదే.

మ్యూజియంలో పాత చేతిరాతలు బాగుచేసే పని అప్పుడప్పుడూ చేస్తుంటాను. సినిమా వాళ్ళకి నా పేరు అక్కడ దొరికింది. కాకి ఈకతో రాసేవాళ్ళు ఇంకా బతికున్నారా అని ఆశ్చర్యపోయారు. పదకొండు రోజుల పని. ఆయన మొహం పెట్టేవాడు, నేను చెయ్యి పెట్టేవాణ్ణి. నాకు లేసు అంచుల చొక్కా చెయ్యి ఒక్కటే తొడిగారు. మోచేతి దాకా పద్దెనిమిదో శతాబ్దం, అక్కణ్ణుంచి నా పాత స్వెట్టరు.

వంకర గీతలు దర్శకుడు అడిగితే గీసినవి.

ఇక్కడ అందరం క్షేమం.

ఎగాన్


సెల్లె,
20 ఏప్రిల్ 1985

అన్నయ్యా,

నీ ఉత్తరం చూసి పోస్టు తెచ్చినాయన్ని కౌగిలించుకున్నంత పని చేశాను. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

అందరం క్షేమం అన్నావు. ఆ అందరం ఎవరు? గెర్డా వదిన ఎలా ఉంది? ఇంకా మీరు ఆ మూడో అంతస్తులోనే ఉన్నారా?

ఇంకో మాట. నువ్వు కోప్పడినా అడుగుతాను. కవరు మీద మా ఊరి పేరు రెండుసార్లు రాశావు, ఒకదాని మీద ఒకటి. తపాలా బిళ్ళ సగం కవరు బయటికి అంటించావు. ఉత్తరంలో మూడో వరస నాలుగో వరసలోకి దిగిపోయింది. దీనికి కూడా దర్శకుడే అడిగాడా?

రోసీ


లైప్‌జిగ్,
12 మే 1985

రోసీ,

నా మణికట్టు బెణికింది. అందుకని కింద అంతస్తు ఓటిలీ గారి చేత రాయిస్తున్నాను. ఆవిడ ముప్ఫై నాలుగేళ్ళు ట్రాములో కండక్టరు. అక్షరాలు కుదుపులో ఉన్నట్టుంటే ఏమనుకోకు.

(ఇది ఓటిలీని, అమ్మాయ్. బెణుకూ లేదు, గిణుకూ లేదు. ఈయనకి రెండు కళ్ళకీ శుక్లాలు. మొన్న పంచదార అనుకుని కాఫీలో ఉప్పు వేసుకున్నారు, ఉప్పనుకుని సూపులో పంచదార రెండుసార్లు వేసుకున్నారు. నేను రాసేది ఈయనకి కనబడదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.)

గెర్డా పోయి ఆరేళ్ళయింది. గుండె. బాధపడకుండానే వెళ్ళిపోయింది. నీకు కబురు చెయ్యాల్సింది. చెయ్యలేదు.

ఇల్లు అదే. పని మానేసి ఏడాదిన్నర అయింది. తీరిగ్గా ఉన్నాను.

(తీరిక కాదు, పలక మీద స్వరాలు సరిగ్గా పడటం లేదని వాళ్ళే ఇంటికి పంపించారు. డాక్టరు ఆపరేషన్ చెయ్యాలని రాసిచ్చిన కాగితం మడిచి కుర్చీ కాలి కింద పెట్టారు, కుర్చీ ఊగుతోందట. సినిమాకి పని చేసినప్పుడు మూడు రోజులు బాఖ్ కంటి ఆపరేషన్ తీశారు. అది చూసి వచ్చినప్పటి నుంచీ ఆసుపత్రి పేరెత్తితే లేచి వెళ్ళిపోతున్నారు. ఇంకొకటి నీకు తెలియాలి. నువ్వు సరిహద్దు దాటి వెళ్ళిపోయిన ఏడాది వర్క్‌షాపులో కిటికీ దగ్గరి బల్ల నుంచి ఈయన్ని వెనక బల్లకి మార్చేశారు. ఇరవై ఆరేళ్ళు ఆ చీకటి మూలలో చెక్కారు. ఈయన నీకు చెప్పరు. ‘ఏమిటి ఇంతసేపు రాస్తున్నారు?’ అంటున్నారు. ‘కామా పెడుతున్నా’ అన్నాను.)

మీ ఆయన్ని అడిగానని చెప్పు.

ఎగాన్


సెల్లె,
22 మే 1985

ఓటిలీ గారూ, ఇది పైకి చదవండి. నేను గీత గీసిన చోట గొంతు పెంచండి.

అన్నయ్యా, గెర్డా వదిన సంగతి చదివి ఆ రోజంతా ఏ పనీ చెయ్యలేకపోయాను. ఒంటరిగా ఉన్నావు. ఆరేళ్ళుగా ఒంటరిగా ఉండి, అందరం క్షేమం అని రాస్తావా?

వెనక బల్ల సంగతి తెలిసింది. ఎలా తెలిసిందని అడగకు. కిటికీ దగ్గరి వెలుగు కోసం నువ్వు తొమ్మిదేళ్ళు ఎదురుచూడటం నాకు తెలుసు. ఆ బల్ల దొరికిన రోజు నువ్వు ఇంటికి కేకు తెచ్చావు. నేను ఎన్నిసార్లు క్షమాపణ అడిగినా చాలదు.

ఇక కళ్ళ సంగతి. బాఖ్ కంట్లో సూది పొడిచింది రెండు వందల ముప్ఫై అయిదేళ్ళ కిందట! చేతులు కూడా కడుక్కోకుండా ఊరూరా తిరిగి పొడిచిన మనిషి! మీ ఊళ్ళో పెద్దాసుపత్రి ఉంది. మా పక్కింటావిడకి ఎనభై రెండేళ్ళు, పోయినేడు చేయించుకుంది. ఇప్పుడు మా కిటికీ అద్దం మీద మరకలు ఆవిడే చూపిస్తోంది. నువ్వు ఒప్పుకుంటే నేను అనుమతి తీసుకుని వస్తాను. ఆసుపత్రిలో నీ పక్కన కూర్చుంటాను.

రోసీ


లైప్‌జిగ్,
16 జూన్ 1985

రోసీ,

ఓటిలీ గారు గొంతు పెంచారు. మూడు అంతస్తుల వాళ్ళూ విన్నారు.

వెనక బల్లకీ శుక్లాలకీ సంబంధం లేదని డాక్టరే చెప్పాడు. ఆ బరువు నువ్వు మొయ్యకు.

నువ్వు ఆ దృశ్యం టెలివిజన్‌లో ఒక్క నిమిషం చూశావు. నేను మూడు రోజులు చూశాను. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి కట్టేస్తారు. ఒకడు వెనక నుంచి తల పట్టుకుంటాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన వైద్యుడు సూదితో వంగుతాడు. ఉత్తుత్తి సూదే, మొన మైనంది. అయినా ప్రతిసారీ అది కంటి దగ్గరికి వచ్చేసరికి నేను కళ్ళు మూసుకునేవాణ్ణి. మొదటిసారి పొడిస్తే నయం కాలేదు. ఆయన వారంలో మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాడు. అదీ పాడైంది. నాలుగు నెలల్లో పోయాడు. ఇప్పుడు నాకు మసక మసకగా అయినా కిటికీ ఉంది, ట్రాము ఎరుపు ఉంది, ఓటిలీ గారి ఆకారం ఉంది. అదీ పోతే?

వంకర గీతలు ఎవరూ అడగలేదు. ఆ రోజు లైట్లు కళ్ళలో పడ్డాయి. కాగితం కనబడలేదు. అలవాటు కొద్దీ లాగాను. దర్శకుడు ‘అద్భుతం’ అన్నాడు. నేను కలం తుడుచుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. దీన్ని ఓటిలీ గారి చేత రాయించాల్సి రావడం సిగ్గుగా ఉంది.

నీ ఉత్తరాలు ముప్ఫై ఒకటీ నేను చదివాను. కెటిల్ ఆవిరికి పట్టి, కవరు విప్పి, చదివి, మళ్ళీ అంటించి, ‘తీసుకోవడం లేదు’ అని రాసి పంపేవాణ్ణి. నువ్వు వెళ్ళిన తర్వాత ఇద్దరు మనుషులు వచ్చి మూడు గంటలు కూర్చోబెట్టి అడిగారు, నీ చెల్లెలు చెప్పే వెళ్ళిందా అని. చెప్పలేదు అన్నాను. అది నిజం కావడమే నన్ను కోసేసింది. నాకు చెప్పకుండా వెళ్ళావు. ఆ కోపంతో జవాబు రాయలేకపోయాను. చదవకుండానూ ఉండలేకపోయాను. హానోవర్‌లో చర్చిలో పాడుతున్నానని రాశావే, ఆ ఉత్తరం వెనక్కి పంపే ముందు రెండు రోజులు ఇంట్లో ఉంచుకున్నాను. గెర్డాకి చదివి వినిపించాను.

ఆపరేషన్‌కి సరే అంటే నువ్వు వచ్చి ఒక పాట పాడతావా? బాఖ్ కీర్తన ఏదైనా సరే. అమ్మ పాడేది ఉంది కదా, అది.

ఎగాన్

(ఈ ఉత్తరంలో నేనేమీ కలపలేదు. ఓ.)


సెల్లె,
3 జూలై 1985

అన్నయ్యా,

ఓటిలీ గారూ, దీన్ని మెల్లగా చదవండి.

ఆ కవర్ల అంచుల మీద రెండో జిగురు గీత నేను చూశాను. ప్రతి కవరు మీదా చూశాను. తనిఖీ వాళ్ళు విప్పారనుకున్నాను! ఇన్నేళ్ళూ వాళ్ళని తిట్టుకున్నాను. ఎంత శుభ్రంగా అంటించారో, పనిమంతులే అని హార్ట్‌మూట్ అనేవాడు. నిన్న అవన్నీ బల్ల మీద పరిచి, నీ వేళ్ళు తగిలిన ఆ గీతల్ని చూస్తూ కూర్చున్నాను. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఇప్పుడు నా వంతు. నువ్వు గెర్డా వదినకి చదివి వినిపించింది అబద్ధం.

నేను ఏ చర్చిలోనూ పాడలేదు. యాభై ఏడులో గాయకబృందంతో వచ్చి ఇక్కడ ఆగిపోయినప్పుడు, పెద్ద గాయని అయిపోతానని నమ్మాను. నీకు చెబితే ఆపుతావనీ, ఆపకపోతే నిన్ను పట్టుకుంటారనీ చెప్పలేదు. మొదటి పరీక్షలో నోరు తెరిస్తే గొంతు బిగుసుకుపోయింది. రెండోసారీ అంతే. మూడోసారికి వెళ్ళలేదు. నువ్వు నా పాఠాల కోసం ఆదివారాలు కూడా పలకల మీద సుత్తి కొట్టావు కదా, దానికి ఏదో ఒక ఫలితం ఉండాలని ఉత్తరాల్లో పాడాను. అసలు నేను చేసేది ఈతకొలను దగ్గర టికెట్లు చింపడం. ఇరవై రెండేళ్ళ నుంచి. ఓటిలీ గారూ, మనం ఒకే కులం.

కాబట్టి నీ షరతు నేను తీర్చగలనో లేదో తెలియదు. అయినా వస్తాను.

ఒక్క మాట. ఆ కుర్చీ దగ్గర నువ్వు సూదిని చూశావు. నువ్వు రాసింది చదివాక నాకు కనబడింది వేరు. ఒకసారి పాడైనా, అంత నొప్పి తెలిసీ, ఆ ముసలాయన వెళ్ళి మళ్ళీ కూర్చున్నాడు. తన కాగితం తను చూసుకోవాలని ఆయనకి ఎంత ఉండి ఉంటుంది! నీకు లేదా?

రోసీ


లైప్‌జిగ్,
4 ఆగస్టు 1985

రోసీ,

మూడు వారాలు ఆలోచించాను.

నువ్వు గాయని కానందుకు నాకు కోపం లేదు. పాడలేక ఒక్కదానివీ ఆ ఊళ్ళో తిరిగిన రోజుల్లో నా దగ్గర్నుంచి కవరు వెనక్కి వచ్చేది, అది తలుచుకుంటేనే మనసు ఒప్పడం లేదు.

కుర్చీ కాలి కింది కాగితం తీశాను. కుర్చీ ఊగుతోంది. సెప్టెంబరు 17న కుడి కన్ను. నువ్వు రా. పాడితే పాడు, లేకపోతే టికెట్లు చింపు.

ఎగాన్

(స్టేషన్‌కి నేను వస్తాను. ఆకుపచ్చ టోపీ. లావుగా ఉంటాను, తప్పిపోవు. ఓ.)


సెల్లె,
26 సెప్టెంబరు 1985

అన్నయ్యా,

నా అనుమతి వారమే కాబట్టి నీ రెండు కళ్ళ కట్టూ విప్పకముందే బయల్దేరాల్సి వచ్చింది. రైల్లో ఉన్నంతసేపూ వెనక్కి నడిచిపోవాలనిపించింది. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత కలిస్తే నేను నిన్ను చూశాను, నువ్వు నన్ను చూడలేదు. అందుకని నువ్వు చూడనివి రాస్తున్నాను.

మొదటి రోజు నేను తలుపు దగ్గర పది నిమిషాలు నిలబడ్డాను. నీ జుట్టంతా తెల్లబడింది. ఓటిలీ గారు వెనక నుంచి నన్ను ఒక తోపు తోశారు. నువ్వు అన్న మొదటి మాట గుర్తుందా?

“ఎత్తు పెరిగావా? గొంతు పైనుంచి వస్తోంది.”

“యాభై ఏళ్ళకి ఏం పెరుగుతాను? నువ్వు పడుకుని ఉన్నావు.”

నాలుగు రోజులు నేను పాడలేదు. నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు. అయిదో రోజు మధ్యాహ్నం నీకు యాపిల్ కోసి ఇస్తుంటే, ఎందుకో తెలియదు, అమ్మ కీర్తన నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. మూడో వరసలో గొంతు పగిలింది. ఆపేద్దామనుకున్నాను. ఈలోగా పక్క మంచం మీద గని పని చేసిన ముసలాయన బొంగురు గొంతుతో అందుకున్నాడు. కిటికీ దగ్గరాయన కూడా కలిశాడు. నర్సు వచ్చి, “ఇది కళ్ళ వార్డండీ, నాటకశాల కాదు,” అంది. “ఇంకో చరణం ఉందమ్మా, అయ్యాక తిట్టు,” అన్నావు నువ్వు.

ఆ పిల్ల తిట్టలేదు. పళ్ళెం పట్టుకుని చివరి దాకా నిలబడింది. అది నువ్వు చూడలేదు.

డాక్టరు వచ్చినప్పుడు, “ఏడవలేదు కదా? ఏడిస్తే కుట్టుకి మంచిది కాదు,” అన్నాడు. “నేనా?” అన్నావు దర్జాగా. కానీ నీ కట్టు అంచు తడిసింది. నేను చూశాను, డాక్టరుకి చెప్పలేదు. ఇప్పుడు నిద్రపట్టనివ్వనిది అదే. నా పాట వల్ల నీ కన్ను పాడైతే?

కట్టు విప్పారా? వెంటనే రాయించు.

రోసీ


లైప్‌జిగ్,
6 అక్టోబరు 1985

రోసీ,

రాయించడం లేదు. రాస్తున్నాను.

27న విప్పారు. మొదట వెలుగు మాత్రమే, పాలల్లో కాంతి పడ్డట్టు. తర్వాత డాక్టరు కోటు బొత్తాం. నాలుగు రంధ్రాలు, మూడింటికే దారం. అది చెప్తే ఆయన కిందికి చూసుకుని సిగ్గుపడ్డాడు. ఇప్పుడు సీసా అడుగంత మందం కళ్ళద్దాలు పెట్టారు. మెట్లు వంగినట్టు కనబడతాయి, గుమ్మానికి భుజం కొట్టుకుంటున్నాను. అలవాటవుతుందట. ఎడమ కన్ను వసంతంలో. దాని గురించి నాతో వాదించాల్సిన పని లేదు.

ఏడవలేదని డాక్టరుకి అబద్ధం చెప్పాను, నిజమే. మన ఇంట్లో అబద్ధాలు చక్కగా చెప్తాం.

ఓటిలీ గారి మొహం మొదటిసారి సరిగ్గా చూశాను. “ఏమిటలా చూస్తారు, ఎలా ఉన్నాను?” అన్నారు. “టోపీ బాగుంది,” అన్నాను. రెండు రోజులు సూపు పంపలేదు.

నిన్న ఆవిడతో కలిసి ఆ సినిమాకి వెళ్ళాను. ఇక్కడ హాల్లో మళ్ళీ ఆడుతోంది. అప్పట్లో చెయ్యి మాత్రమే ఇచ్చాను, సినిమా మసకగా చూశాను. ఇప్పుడు చూస్తే బాఖ్ విగ్గు వెనక కుట్లు కనబడుతున్నాయి, ఆయన మేజా మీద కొవ్వొత్తి మూడుసార్లు పొట్టిదై పొడుగైంది. ఓటిలీ గారు నా చెయ్యి వచ్చినప్పుడల్లా, “ఇది ఈయనదే!” అని చుట్టూ అందరికీ చెప్పారు. ముందు వరసాయన, “మరి మిగతాది ఎవరిదమ్మా?” అన్నాడు.

కుర్చీ దృశ్యం వచ్చినప్పుడు కళ్ళు మూసుకోలేదు. మొహం చూశాను. ఆ నటుడు భయాన్ని బాగా చేశాడు. రెండోసారి కూర్చునేటప్పుడు మాత్రం భయపడలేదు. విసుక్కున్నాడు, త్వరగా కానివ్వండి, పని ఉంది అన్నట్టు. మూడు రోజులు పక్కనే ఉండి కూడా నాకు అది కనబడలేదు. నువ్వు సెల్లెలో కూర్చుని చెప్పావు.

ఎగాన్


సెల్లె,
10 నవంబరు 1985

అన్నయ్యా,

నీ రాత చూసి హార్ట్‌మూట్ షాంపేన్ తెరిచాడు. మూత ఎగిరి తగలడంతో లాంపు పగిలింది. శుభమే అనుకున్నాం.

నవ్వకు. పోయిన మంగళవారం మా ఊరి గాయకబృందం దగ్గరికి వెళ్ళాను. బృందాన్ని నడిపే ఆవిడ వయసు మా కూతురంత ఉంటుంది, నాకు కూతురుంటే. పాడమంది. పైగొంతు పోయింది, ఒప్పుకున్నాను. “కిందిగొంతుల వాళ్ళే తక్కువగా ఉన్నారు, కూర్చోండి,” అంది. అంతే! ముప్ఫై ఏళ్ళ భయం ఒక కుర్చీ చూపించడంతో అయిపోయింది.

క్రిస్మస్‌కి బాఖ్ పెద్ద కృతి పాడుతున్నాం. డిసెంబరు 21 మధ్యాహ్నం రేడియోలో కూడా వస్తుంది. మాకు ఇచ్చిన కాగితాలు నకలుకి నకలు, ఏది స్వరమో ఏది ఈగ మరకో తెలియడం లేదు. పక్కావిడ ఈగని పాడింది.

రోసీ


లైప్‌జిగ్,
27 డిసెంబరు 1985

రోసీ,

నేను పంపిన కాగితాలు నీకు సమయానికి అందాయని విని స్థిమితపడ్డాను. కిందిగొంతు భాగం మొత్తం, ముప్ఫై ఎనిమిది పేజీలు. రోజుకి రెండు గంటలు, పొద్దుటి వెలుగులో కిటికీ దగ్గర కూర్చుని రాశాను. పక్కావిడ కూడా అందులోనే చూసి పాడుతోందన్నావు, అయితే పేజీ ఆవిడని తిప్పమను. నువ్వు తిప్పేటప్పుడు మూల మడుస్తావు.

ఇరవై ఒకటిన రేడియో ఎక్కడ పెడితే పలుకుతుందో తెలియక ఓటిలీ గారూ నేనూ దాన్ని ఎత్తుకుని ఇల్లంతా తిరిగాం. చివరికి వంటింట్లో పొయ్యి మీద పలికింది. గరగర మధ్యలో బాకాలు, డోళ్ళు, తర్వాత అందరూ ఒక్కసారిగా లేచిన ఆ గొంతులు. అరవై మందిలో నీది వినిపించిందని చెబితే నువ్వు నమ్మవు. వినిపించలేదు. ఎంత చెవి పెట్టినా విడిగా దొరకలేదు. నాకు సంతోషం వేసింది. ఒక్కదానివీ కాకుండా అంతమందిలో కలిసిపోయావు.

ఓటిలీ గారు మాత్రం విన్నానంటున్నారు. రెండో వరస, ఎడమ నుంచి మూడోదట. రేడియోలో వరస ఎలా కనబడిందని అడిగితే, “మీరు కళ్ళద్దాలు తుడుచుకోండి ముందు,” అన్నారు.

ఆవిడకి అరవై దాటాయి కాబట్టి సరిహద్దు దాటనిస్తారు. ఈస్టర్‌కి మీ ఇంటికి వస్తానంటున్నారు, మంచం గట్టిది వెయ్యి. నేను రావాలంటే మగవాళ్ళ పింఛను వయసు, అరవై అయిదు, నిండాలి. ఇంకా ఆరేళ్ళు. తొంభై ఒకటిలో, ఎండాకాలం మొదట్లో అనుకుంటున్నాను, మీ ఈతకొలను తెరిచే రోజుకి. నాకు ఈత రాదు. గట్టు మీద కూర్చుని నువ్వు టికెట్లు చింపడం చూస్తాను.

అన్నయ్య